హైదరాబాద్ అని చూపించిన నంబరు

ఎడపల్లి దగ్గర చెరుకు బండ్లు తూచే కాంటా మీద పనిచేసిన మా బావ నౌకరి పోవడానికి ఆయన జోడీదారు చెప్పిన చాడీయే కారణమని ఇప్పటికీ చాలామంది అంటారు. జోడీదారు అంటే అదే కాంటా దగ్గర చిట్టీలు రాసిన మనిషి. ఆ మాట నిజం కాదు. ఈ సంగతి ఇదివరకే కొందరికి చెప్పి చూశాను. సగం వినేసరికి "నెట్టు ముచ్చట మాకేం తెలుస్తది" అని లేచిపోతారు. లేదంటే ఆ మనిషిని వెనకేసుకురావడానికి కథ అల్లుతున్నానని నవ్వుతారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నిజామాబాద్ బస్టాండుకు దగ్గరగా ఒక సందులో నాకు నెట్ సెంటర్ ఉండేది. కింద బీడీ ఆకు గోదాం, పైన నేను. మెట్లెక్కి వచ్చినవాళ్లు గంట కూర్చుని వెళ్తే బట్టలకు తునికాకు వాసన పట్టేది. పరీక్ష ఫలితాల కోసం పిల్లలు వచ్చేవాళ్లు. కమ్మర్‌పల్లి దిక్కు నుంచి ఆడవాళ్లు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గల్ఫ్‌లో ఉన్న మొగుళ్లతో గోదాం హమాలీలకు కూడా వినపడేంత గట్టిగా మాట్లాడేవాళ్లు. లైను మాత్రం నిలకడగా ఉండేది కాదు. మోడెం దీపాలు ఆరిపోయేవి, నేను మళ్లీ ఫోన్ లైను కలిపే డయలర్ నొక్కేవాణ్ని, మళ్లీ ఆరిపోయేవి. ఎందుకు పోయిందో నాకు తెలిసేది కాదు. ఎవరడిగినా "సర్వర్ డౌన్" అనేవాణ్ని. అందరూ నన్ను సార్ అని పిలిచేవాళ్లు. రెండు కంప్యూటర్ పత్రికలు చదివి నేర్చుకున్న చదువుకు అంత మర్యాద దొరికితే ఎవరికి చేదు?

బావ ప్రతి ఆదివారం కూరగాయలకని నిజామాబాద్ వచ్చి, సంచి నా కౌంటర్ కింద పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగి పోయేవాడు. అక్కను చేసుకున్నప్పటి నుంచి నాతో ఆయనకు స్నేహమే ఎక్కువ. ఒక చెరుకు సీజన్‌లో ఆయన చాయ్ ముట్టకుండా చల్లారబెట్టడం చూశాను. ఏమైందని అడిగితే తరుగు సంగతి చెప్పాడు.

చెరుకు బండిని తూచినప్పుడు ఆకుకు, మట్టికి, కట్టిన తాళ్లకు అని బరువులో కొంత తీసేస్తారు. దాన్నే తరుగు అంటారు. అది రివాజు, రైతులకూ తెలుసు. ఆ సీజన్‌లో మాత్రం బావ పనిచేసే ప్రైవేటు ఫ్యాక్టరీవాళ్లు కాంటా దగ్గర ఒకసారి తీసి, గేటు లోపల మళ్లీ ఒకసారి తీస్తున్నారు. రైతు చేతిలోని చిట్టీ మీద ఒకటే కనిపిస్తుంది.

"నా చేతుల మీదికెల్లి పోతున్నదిరా," అన్నాడు బావ. "రైతు బండి దిగి నా మొకం సూస్తడు. నేను తల్కాయ దించుకుంట."

"యూనియనోళ్లకు చెప్పకపోయినవ్?"

"పొద్దున చెప్తె మాపటికల్ల మేనేజర్ కాడికి పోతది. నెట్ల పేరు లేకుంట రాయొచ్చంటరు గదా?"

"రాయొచ్చు బావా. దునియా మొత్తం రాస్తున్నది."

"ఎవడు రాసిండో ఎతికితె దొరుకుతదా?"

"దొరకకుంట నేన్ జేస్త."

"సూడు మరి. నౌకరి పోయిందంటె మీ అక్క నన్ను ఇంట్లకు రానియ్యది. మల్ల బీడీలే దిక్కా అంటది."

అక్క పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టిన మనిషి. బావకు కాంటా మీద పని దొరికాకే బీడీలు చుట్టే చాట గోడకు తగిలించింది. బావ పేరు బయటికి వస్తే పోయేదేమిటో ఆ రోజు ఇద్దరికీ స్పష్టంగా తెలుసు.

మా జిల్లా కుర్రాళ్లెవరో నడిపే మెసేజ్ బోర్డు ఒకటి ఉండేది. బస్సుల గురించి, కరెంటు కోతల గురించి అక్కడ రాసుకునేవాళ్లు, ఒకర్నొకరు ఆట పట్టించుకునేవాళ్లు. నేను ప్రతి ఆదివారం పొద్దున మా నెట్ సెంటర్ ప్రకటన అందులో పెట్టేవాణ్ని. చెరుకు సంగతి కూడా అక్కడే రాద్దామనుకున్నాం.

నెట్‌లోకి వెళ్లిన ప్రతి లైనుకూ అంకెలతో ఒక చిరునామా ఉంటుంది. మనం ఏ పేజీ తెరిచినా ఆ పేజీవాళ్లకు ఆ నంబరు తెలుస్తుంది. బ్రౌజర్ సెట్టింగుల్లో ఒక పెట్టె ఉంటుందనీ, అందులో ఎక్కడో విదేశంలోని కంప్యూటర్ నంబరు రాస్తే అవతలివాళ్లకు మన నంబరు కాకుండా అదే కనిపిస్తుందనీ పత్రికలో చదివాను. పని చేసిందో లేదో చూసుకోవడానికి ఒక పేజీ కూడా ఉంది. అది తెరిస్తే మన నంబరు బయటికి ఏమని కనిపిస్తున్నదో, ఏ ఊరని చెప్తున్నదో చూపిస్తుంది.

కుర్రాళ్ల మధ్య కూర్చోవడానికి బావకు సిగ్గు. కౌంటర్ మీది నా కంప్యూటర్ ముందే కూర్చోబెట్టాను. పత్రికలో ఉన్న నంబరు పెట్టెలో రాసి ఓకే కొట్టాను. ఆ పేజీ తెరిచాను. తెల్ల తెర మీద గడియారం గుర్తు చాలాసేపు తిరిగింది. తర్వాత ఒక నంబరు, దాని కింద హైదరాబాద్ అని వచ్చింది.

"గిదేంది?" అన్నాడు బావ.

"మనం బయటికి కనవడే అడ్రస్. సూడు, హైదరాబాద్ అంటున్నది."

"మనం నిజామాబాద్ల ఉన్నం గదా."

"అదే గదా మనకు కావాల్సింది. హైదరాబాద్ల ఎంత మంది ఉంటరు? అండ్ల నిన్ను ఎవడు పట్టుకుంటడు?"

బావ నవ్వాడు. "దవాఖాన కోసం ఒక్కపారి పోయిన హైదరాబాద్‌కు. ఇప్పుడు గీడ కూసోని ఉత్తగనే పోయినట్టయింది."

నేనూ నవ్వాను. విదేశం నంబరు పెడితే హైదరాబాద్ ఎందుకు వచ్చిందని అడగాల్సింది నేను. అడగలేదు. మా దృష్టిలో హైదరాబాద్ అంటేనే మనది కాని చోటు. బస్సెక్కి, సగం దినం ప్రయాణం చేసి, తప్పిపోతామేమోనని భయపడుతూ దిగే చోటు. తెర మీద ఆ పేరు కనపడగానే మేం దాక్కున్నామని నమ్మాను.

నేను కొడతానంటే బావ ఒప్పుకోలేదు. "నా మాట నేనే రాస్త" అని ఒక్క వేలితో, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో వెతుక్కుంటూ రాశాడు. కాంటా దగ్గర ఎట్లా తీస్తున్నారో, గేటు లోపల మళ్లీ ఎట్లా తీస్తున్నారో, చిట్టీ ఎక్కడ పట్టి చూసుకోవాలో. తిట్లు లేవు. కింద 'ఒక రైతు' అని పెట్టాడు. పంపాక తువ్వాలతో వేలు తుడుచుకున్నాడు, బురద అంటుకున్నట్టు.

రెండు మూడు రోజుల్లోనే ఎవరో దాన్ని ప్రింటు తీసి కాంటా పక్కన చాయ్ హోటల్ గోడకు అంటించారు. రైతులు చిట్టీలు పట్టుకుని నిలదీశారు. గేటు లోపలి తరుగు ఆగింది. మరుసటి ఆదివారం బావ జిలేబీ పొట్లం తెచ్చాడు. "పెద్ద పెద్దోళ్లతోని కానిది నా ఒక్క ఏలుతోని అయింది" అన్నాడు. ఆయన్ని అంత హుషారుగా నేను మళ్లీ చూడలేదు.

ఆ వారం మధ్యలో ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఏదో ప్రింటు తీయించుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

"బోర్డు మీద మీ అడ్వర్టైజ్‌మెంట్ సూసిన అన్నా. మంచిగున్నది."

నాకు సంతోషమైంది. చాయ్ తెప్పించాను.

"చెరుకు సంగతి కూడ ఎవరో మస్తు రాసిండ్రు," అన్నాడు.

"ఔ. ధైర్యం ఉన్నోడు."

"మీ దగ్గరికి ఎడపల్లి దిక్కుకెల్లి వస్తరా ఎవరన్న?"

"మా బావనే ఉన్నడు గదా. ఆడ కాంటా మీదనే చేస్తడు. ఆదివారం ఆదివారం వస్తడు, గీ స్టూలు మీదనే కూసుంటడు."

ఇది నేను అన్న మాట. ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. అప్పుడు అందులో తప్పేముందో నాకు తట్టనే లేదు. బోర్డు మీది ఆ రాతకూ నా కౌంటర్‌కూ మధ్య హైదరాబాద్ అడ్డం ఉందని నా ధీమా. ఆయన చాయ్ తాగి, గ్లాసు జాగ్రత్తగా గోడ పక్కన పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు రోజులకు మేనేజర్ బావను పిలిచి "రేపటికెల్లి రాకు" అన్నాడు. కారణం అడిగితే, "నిజామాబాద్ పోయి ఏం రాసినవో మాకు ఎర్కనే" అన్నాడట.

బావ ఆ మాటనే పట్టుకున్నాడు. తాను నిజామాబాద్ పోయి రాసినట్టు ఎవరికి తెలుసు? రాసిన మర్నాడే సంతోషం పట్టలేక జోడీదారుకు చెప్పుకున్నాడు. ఇద్దరూ ఒకే సైకిల్ మీద పనికి పోయిన రోజులున్నాయి. ఒక డబ్బాలో అన్నం తిన్నారు. ఇంకెవరికి తెలుసు? నాకు. నా మీద అనుమానం ఆయనకు రానే లేదు. "నా బామ్మర్ది నోట్లకెల్లి రాదు" అని అక్కతో అన్నాడు. అక్క ఆ మాట నాకు ముద్దుగా చెప్పింది.

జోడీదారు నౌకరి పోలేదు. పైగా బావ ఖాళీ చేసిన చోట అతన్నే తూకానికి నిలబెట్టారు. ఇక లోకానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. చాయ్ హోటల్‌కు అతను వస్తే బెంచీ మీదివాళ్లు లేచిపోయేవాళ్లు. బావ నడిరోడ్డు మీద అతన్ని అనరాని మాటలన్నాడు. అక్క ఒళ్లోకి మళ్లీ బీడీల చాట వచ్చింది.

అతను ఒకసారి మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు సదువుకున్నోనివి. మీ బావకు జర సమజ్ అయ్యేటట్టు చెప్పు. నేను ఎవ్వనికీ చెప్పలె. నన్ను గన్న మా అవ్వ మీద ఒట్టు."

"నేనేం చెప్తనన్నా. మీ ఇద్దరి నడుమ ముచ్చట," అన్నాను.

అప్పటికి చాయ్ తాగి పోయిన మనిషి నాకు గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తొచ్చాడు. ఎవరో గిరాకీ అయి ఉంటాడులే, నంబరు హైదరాబాద్‌ది కదా, మా దాకా ఎట్లా వస్తారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం గిరాకీ పెద్దగా లేక, బోర్డు మీద నా పాత ప్రకటనలు చూసుకుంటున్నాను. ప్రతి రాత కింద బూడిదరంగులో చీమల బారులాంటి అంకెలు కనపడ్డాయి. ఎప్పుడూ అక్కడే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. బూతులు రాసేవాళ్లను పట్టుకోవడానికి బోర్డువాళ్లు రాసినవాడి నంబరును అందరికీ కనిపించేలా పెట్టేవాళ్లు. బావ రాసిన ఆ ఆదివారం పొద్దున మా నెట్ సెంటర్ పేరుతో పెట్టిన ప్రకటన కింద ఒక నంబరు ఉంది. 'ఒక రైతు' కింద కూడా అదే నంబరు. ఒకటి తర్వాత ఒకటి, ఒకే తెర మీద. అక్షరాలు రాని మనిషికి చూపించినా రెండూ ఒకటేనని చెప్పేస్తాడు.

వెంటనే ఆ పరీక్ష పేజీ తెరిచాను. పెట్టెలోని విదేశం నంబరు చెరిపేసి చూశాను. హైదరాబాద్. మళ్లీ రాసి చూశాను. హైదరాబాద్. ఉన్నదీ లేనిదీ నోటికొచ్చిన అంకెలు కొట్టి చూశాను. అప్పుడు అసలు పేజీయే రాకూడదు. అయినా వచ్చింది, అదే హైదరాబాద్. బ్రౌజర్ మూసి తెరిచాను, కంప్యూటర్ ఆపి పెట్టాను, మౌసును బల్లకేసి కొట్టాను. లైను ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు, ఇంత చిన్న విషయమా అన్నట్టు చెప్పాడు: "మీది డయలర్ లైన్ అన్నా. మీరు నింపిన పెట్టె డయలర్‌కు పట్టది, దానికి వేరే పెట్టె ఉంటది. మీ లైన్ ఎప్పుడు జూసినా హైదరాబాద్‌కెల్లే బయటికి పోతది."

మేం ఒక్క క్షణం కూడా దాక్కోలేదు. పెట్టె నింపకముందు ఆ పేజీ ఒకసారి చూసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. ఖాళీ బండిని తూచకుండా చెరుకు బరువు చెప్పే కాంటా లోకంలో ఎక్కడా ఉండదు. పక్కన కూర్చున్నది కాంటా మీద పనిచేసే మనిషి, తూకం వేసింది నేను.

వెనక నుంచి ఎవరో "సార్, నెట్ వస్తలేదు" అన్నారు. "సర్వర్ డౌన్" అన్నాను.

ఆ రోజే ఎడపల్లి బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. ఈ నెట్ సెంటర్‌లో కూర్చుంటే పేర్లు బయటపడతాయని ఒక్కసారి పుకారు లేస్తే మెట్లెక్కేవాళ్లుండరు. ఆ భయం నిజమే, కానీ అది సాకు కూడా. అసలు భయం బావ మొహం చూడటం.

ఆ దశకం చివరికి ఇళ్లలోకే నెట్ వచ్చేసింది, నా గిరాకీ పల్చబడి సెంటర్ మూతపడింది. పోవడానికి ఏమీ మిగలనప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇది గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. ల్యాప్‌టాప్, దానికి గుచ్చే డేటాకార్డు సంచిలో పెట్టుకుని ఎడపల్లి వెళ్లాను. బావ అప్పటికి చిన్న కిరాణా పెట్టుకున్నాడు. అక్క గడపలో కూర్చుని బీడీలు చుడుతున్నది. ఇద్దరికీ మొదటి నుంచి చెప్పాను. నంబరు, పెట్టె, డయలర్, బూడిదరంగు అంకెలు.

"ఆగురా," అన్నాడు బావ. "నంబర్ ఎట్ల చెప్తది? నంబరుకు నోరున్నదా?"

"నోరు కాదు బావా. నా అడ్వర్టైజ్‌మెంట్ కింద ఉన్నదీ, నీ రాత కింద ఉన్నదీ ఒక్కటే నంబర్."

"అయితే ఏమాయె? దాని మీద నా పేరున్నదా?"

"వాన్ని ఎనకేసుకొస్తున్నవా?" అన్నది అక్క తలెత్తకుండా. "గింతకు నీకేం పెట్టిండు వాడు?"

చూపిస్తే నమ్ముతారనుకున్నాను. డేటాకార్డు గుచ్చి ఆ పరీక్ష పేజీ తెరిచాను. నంబరు వచ్చింది. కింద ముంబై అని వచ్చింది.

బావ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "ముంబై అంటున్నది. ఎడపల్లిల నా ఇంట్ల కూసున్నవని గీ డబ్బకే ఎర్క లేదు. గది నన్ను పట్టిచ్చిందా?"

ఆ కార్డు లైను ముంబై నుంచి బయటికి పోతుందనీ, అదీ ఇదీ ఒకటే సంగతనీ చెప్పబోయాను. గొంతు పెరిగింది. కాగితం తీసుకుని బొమ్మ గీశాను. అక్క ఆకు కత్తిరిస్తూనే ఉంది. బావ ఓపికగా నా బొమ్మ చూసి, కాగితం మడిచి, నా జేబులో పెట్టాడు.

"ఎన్ని జెప్పు. మనిషి చెప్పంది మనిషి దొరకడు."

అప్పటిదాకా ఇంటి నుంచి కట్టుకొచ్చిన సగం సంగతే చెప్తున్నాను. రెండో సగం సంచి విప్పలేదు.

"ఔ బావా," అన్నాను. "మనిషే చెప్పిండు. నేనే చెప్పిన."

ఫ్యాక్టరీవాళ్లే పంపి ఉంటారనిపించే ఆ ఇస్త్రీ చొక్కా మనిషి సంగతి చెప్పాను. బోర్డు మీది నంబరు ఆయన్ని నా కౌంటర్ దాకా తెచ్చిందనీ, అక్కడి నుంచి బావ దాకా తెచ్చింది నా మాటేననీ. అక్క చేతిలోని కత్తెర ఆగింది.

"వానికి చాయ్ తాగిపిచ్చినవా?" అని అడిగాడు బావ.

"ఔ."

"పో. ముందుగాల ఆయనకు చెప్పు."

జోడీదారు ఇల్లు రెండు సందుల అవతల. అప్పటికి అతనూ కాంటా పని మానేశాడు. వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. నేను చెప్తున్నంతసేపూ ఆ పని ఆపలేదు. నంబరు దగ్గర మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది నాకొద్దు. చెప్పింది ఎవలు?"

"నేనే అన్నా."

నులక ఒక వరస లాగి ముడేశాడు.

"మా అవ్వ సచ్చిపోయినప్పుడు మీ బావ దినాలకు రాలె. ఆమె చేతి బువ్వ తిన్నడు ఎన్నడో. చాయ్ హోటల్ బెంచీల మీద కూసున్నోళ్లు ఎవ్వలూ రాలె. ఆమె మీద ఒట్టు పెట్టుకుంటెనే మీరు నమ్మలె, ఇగ వస్తరా?"

"బావకు చెప్పిన అన్నా. అందరికీ చెప్త."

"ఎవలకు? సగం మంది పోయిండ్రు. ఉన్నోళ్లకు నంబరు, గింబరు అని చెప్తె, నన్ను బచాయించనీకి చెప్తున్నవంటరు." అక్క అన్న మాటే అతని నోట వచ్చింది. "నీకు చెప్పుడొస్తె చిన్నగ చెప్పు. నా నోరు జారింది అని చెప్పు. గంత చెప్తె ఎడ్డోనికి కూడ సమజైతది."

మంచినీళ్లు ఇచ్చాడు. కూర్చోమనలేదు.

ఆయన చెప్పినట్టే చిన్నగా చెప్దామని కూర్చుంటే, ఇంత పొడుగైంది. నంబరు సంగతి వదిలేస్తే ఆ చాయ్ మనిషి నా దగ్గరికే ఎందుకు వచ్చాడో ఎవరికీ తెలియదు. అది చెప్తే నేను నంబరు వెనక నక్కుతున్నానంటారు. ఎటు రాసినా చిరాకే. చదివేవాళ్లు మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకుంటే చాలు. ఎడపల్లి కాంటా దగ్గర చిట్టీలు రాసిన మనిషి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. ఆయన అవ్వ దినాలకు పోనివాళ్లలో నేనూ ఉన్నాను.